కంటెయినర్ సైజుకి 32 బిట్లు చాలవా? 64 బిట్లు నిజంగా అవసరమా?

తీగ

అందరికీ నమస్కారం. సి ప్లస్ ప్లస్‌లో రాసిన ఒక ఓపెన్ సోర్స్ కంటెయినర్ (డేటా దాచుకునే నిర్మాణాల) లైబ్రరీని నేను చూసుకుంటున్నాను. అందులో పెరిగే అర్రే, స్ట్రింగ్, హ్యాష్ టేబుల్ ఉన్నాయి. మూడింట్లోనూ మొదటి నుంచీ సైజు, అంటే ఎన్ని ఎలిమెంట్లున్నాయన్న లెక్క, 32 బిట్ల సైన్డ్ (రుణ సంఖ్యలు కూడా పట్టే) ఇంటిజరే. అంటే ఒక్కో కంటెయినర్‌లో 2,147,483,647 ఎలిమెంట్లకి మించి పట్టవు.

ఈ మధ్య ఒకరు వచ్చి ఈ హద్దు తీసేయమని అడిగారు. తీసేస్తే అర్రే హెడర్, అంటే ప్రతి అర్రేకీ ఉండే వివరాల భాగం, పెరుగుతుంది. ఇప్పుడు పాయింటర్‌కి 8 బైట్లు, సైజుకి 4, కెపాసిటీకి (తీసుకున్న చోటులో ఎన్ని పడతాయో చెప్పేది) 4, మొత్తం 16. సైజు, కెపాసిటీ రెండూ 64 బిట్లయితే 24. నా లైబ్రరీ వాడేవాళ్ళలో ఎక్కువమంది లక్షల కొద్దీ చిన్న అర్రేలు పెట్టుకుంటారు, వాటిలో చాలావరకు ఖాళీగా ఉంటాయి. ఒక్కరి కోసం వాళ్ళందరి మెమరీ పెంచడం నాకు న్యాయంగా అనిపించడం లేదు. 200 కోట్ల ఎలిమెంట్లు ఒకే అర్రేలో పెట్టే అవసరం వచ్చినవాళ్ళు డేటాని ముక్కలు చేసుకోవచ్చు కదా, లేదా డేటాబేస్ వాడుకోవచ్చు కదా అన్నది నా ఆలోచన.

పెద్ద డేటాతో పనిచేసేవాళ్ళు ఏమంటారో వినాలని ఉంది.

గేమ్‌లూప్

మార్చకండి. క్యాష్ లైన్, అంటే ప్రాసెసర్ మెమరీ నుంచి ఒక్కసారి తెచ్చుకునే ముక్క, మామూలుగా 64 బైట్లు. 16 బైట్ల హెడర్లయితే ఒక లైన్లో నాలుగు పడతాయి, 24 అయితే రెండున్నర కంటే కాస్త ఎక్కువ. మా ఇంజిన్లో సీన్‌లో ఉన్న ప్రతి నోడ్‌కీ పిల్లల అర్రే ఒకటి, కాంపొనెంట్ల అర్రే ఒకటి ఉంటాయి. ప్రతి ఫ్రేమ్‌లో వాటన్నిటి మీదా నడవాలి. ఆ నడకలో డేటా కంటే హెడర్లు చదవడానికే ఎక్కువ టైమ్ పోతుంది.

అన్‌రియల్ ఇంజిన్ చూడండి. దాని టీఅర్రే మామూలుగా 32 బిట్ల సైజే. పెద్దది కావాల్సినవాళ్ళకి టీఅర్రే64 అని వేరే ఉంది. అడిగినవాళ్ళకి వేరే టైప్ ఇచ్చేస్తే సరిపోతుంది, మిగతావాళ్ళ జోలికి వెళ్ళక్కర్లేదు.

జన్యుమాల

తీగ గారూ, ముక్కలు చేసుకోవచ్చు కదా అన్నారు. ఆ మాట విన్న ప్రతిసారీ నాకు కొంచెం బాధగానే ఉంటుంది. నా పని జీనోమ్ డేటాతో.

మనిషి జీనోమ్‌లో సుమారు 310 కోట్ల అక్షరాలు ఉంటాయి. అక్షరానికి ఒక బైటు చొప్పున 3.1 జీబీ. ఇది మామూలు ల్యాప్‌టాప్ మెమరీలో పట్టే డేటానే, సూపర్ కంప్యూటర్ అక్కర్లేదు. కానీ మీ హద్దు 214 కోట్లు. అంటే మీ స్ట్రింగ్‌లో ఒక్క మనిషి జీనోమ్ కూడా పట్టదు.

అన్‌సైన్డ్‌కి (రుణ సంఖ్యలు లేని టైప్‌కి) మారిస్తే హద్దు 429 కోట్లు అవుతుంది, అప్పుడు పడుతుంది కదా అనవచ్చు. తల్లి నుంచి వచ్చిన కాపీ, తండ్రి నుంచి వచ్చిన కాపీ రెండూ కలిపి పెట్టాలంటే 600 కోట్లు దాటుతుంది. గోధుమ జీనోమ్ అయితే దాదాపు 1600 కోట్లు.

ఇక ముక్కలు చేయడం గురించి. క్రోమోజోమ్‌ల వారీగా విడదీయడం కొన్ని పనులకి బాగానే ఉంటుంది. కానీ మొత్తం జీనోమ్ మీద వెతకడానికి సఫిక్స్ అర్రే (ప్రతి స్థానం నుంచి మొదలయ్యే తోకలని అక్షర క్రమంలో పేర్చిన పట్టిక) కట్టాలంటే అంతా ఒకే వరుసలో ఉండాలి. ముక్కల సరిహద్దు మీద పడిన ప్యాటర్న్‌ని పట్టుకోవడానికి ప్రతి ఫంక్షన్లోనూ వేరే కోడ్ రాయాలి. లైబ్రరీలో ఒక చోట చేయని పనిని, వాడే ప్రతి ఒక్కరూ తమ కోడ్‌లో పది చోట్ల చేయాల్సి వస్తుంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, ఇది మీ వైపు వాదన. అర్రే పొడవు ఎంత వెడల్పైన టైప్‌లో ఉన్నా, అర్రే లోపల నేను దాచే పొజిషన్లు మాత్రం వీలైనంత ఇరుకుగానే ఉంచుతాను. సఫిక్స్ అర్రేలో ఒక్కో పొజిషన్‌కి 4 బైట్లు పెడితే 12.4 జీబీ, 8 బైట్లు పెడితే 24.8 జీబీ. 429 కోట్లు దాటినప్పుడు 5 బైట్ల పొజిషన్లు వాడేవాళ్ళూ ఉన్నారు. ఒక్కసారి మాత్రమే ఉండే సైజు ఫీల్డ్‌కి నాలుగు బైట్లు ఆదా చేయడం వేరు, కోట్ల సార్లు ఉండే విలువకి ఆదా చేయడం వేరు.

నేర్చుకుంటున్నా

నాదొక చిన్న డౌట్. అందరూ 2 జీబీ లిమిట్ అంటుంటారు, ఇక్కడేమో 214 కోట్ల ఎలిమెంట్లు అంటున్నారు. ఎలిమెంట్ 8 బైట్లయితే 16 జీబీ అవుతుంది కదా. అంటే హద్దు దేని మీద? బైట్ల మీదా, ఎలిమెంట్ల మీదా?

పాతకాపు

మంచి ప్రశ్న తమ్ముడూ. నిజానికి ఈ చర్చకి అసలు మొదలు అక్కడే.

సైజు ఎలిమెంట్లలో లెక్కపెడితే హద్దు ఎలిమెంట్ల మీద ఉంటుంది. ఒక్కో ఎలిమెంట్ 100 బైట్ల స్ట్రక్ట్ అయితే, 32 బిట్ల సైజుతోనే 200 జీబీ పైన పడుతుంది. అలాంటి అర్రేలకి ఈ హద్దు తగిలేది చాలా అరుదు. బాధంతా ఎలిమెంట్ చిన్నదైనప్పుడే: బైట్లు, అక్షరాలు, ఫ్లాగులు. అందుకే జన్యుమాల గారికి తగిలింది, గేమ్‌లూప్‌కి తగల్లేదు.

ఎల్ఎల్‌విఎమ్ కంపైలర్ వాళ్ళ స్మాల్‌వెక్టర్ ఈ లెక్కనే టైప్‌లోకి తెచ్చింది. 64 బిట్ల మెషీన్ మీద ఎలిమెంట్ సైజు 4 బైట్ల కంటే తక్కువైతే పొడవుకి 64 బిట్లు, 4 బైట్లు లేదా అంతకంటే ఎక్కువైతే 32 బిట్ల అన్‌సైన్డ్. 4 బైట్ల ఎలిమెంట్లు 429 కోట్లంటే 16 జీబీ. కంపైలర్‌లో అంత పెద్ద వెక్టర్ ఒక్కటి ఉండే అవకాశం లేదు, కానీ ఒక ఫైల్‌ని అలాగే చదివి బైట్ల బఫర్‌లో పెడితే 4 జీబీ దాటొచ్చు. వాళ్ళ వాడకానికి సరిగ్గా కొలిచి కుట్టిన పరిష్కారం అది.

అయితే తీగ గారి లైబ్రరీ అందరికోసం. అందరికోసం రాసినవాళ్ళు చివరికి ఎటు వెళ్ళారో చూడండి. పైథాన్ 2.5కి ముందు వరకు లిస్టులు, స్ట్రింగుల పొడవుకి సి లోని ఇంట్ (మామూలుగా 32 బిట్లు) వాడేది. 64 బిట్ల మెషీన్ మీద కూడా అంతే. 2006లో వచ్చిన 2.5లో దాన్ని పాయింటర్ వెడల్పుకి మార్చారు. గణాంకాలకి వాడే ఆర్ భాష 2013లో వచ్చిన 3.0.0తో పొడవైన వెక్టర్లకి దారి తెరిచింది. క్యూట్ అనే సి ప్లస్ ప్లస్ లైబ్రరీలో వెర్షన్ 5 దాకా కంటెయినర్లన్నీ ఇంట్, 2020 డిసెంబర్‌లో వచ్చిన క్యూట్ 6లో 64 బిట్లు. గో, రస్ట్ లాంటి కొత్త భాషల్లో 64 బిట్ల మెషీన్ మీద పొడవు 64 బిట్లే. వెనక్కి, అంటే 64 నుంచి 32కి, డిఫాల్ట్ మార్చుకున్న పెద్ద లైబ్రరీ ఒక్కటీ నా దృష్టికి రాలేదు.

మారడానికి వాళ్ళు పడ్డ కష్టం కూడా గుర్తుపెట్టుకోవాలి. పైథాన్ లోపల మార్పు 2006లోనే అయిపోయింది. కానీ సి ఎక్స్‌టెన్షన్లు రాసేవాళ్ళు పాత ఇంట్ పద్ధతిని పూర్తిగా వదలాల్సి వచ్చింది 2021లో, 3.10తో. పదిహేనేళ్ళు. ఎందుకంటే సైజు టైప్ అన్నది లైబ్రరీ లోపలి విషయం కాదు, వాడే ప్రతివాడి కోడ్‌లోకీ పాకుతుంది. సైజుని ఇంట్‌లో వేసుకున్న ప్రతి లైనూ మార్చాలి. ఎంత ఆలస్యం చేస్తే అన్ని లైన్లు పోగవుతాయి.

డేటాబావి

జావా వైపు నుంచి చెప్తాను. అక్కడ ఈ హద్దు భాషలోనే పాతుకుపోయింది. అర్రే ఇండెక్స్ ఇంట్. కలెక్షన్లలో సైజు అడిగితే వచ్చేదీ ఇంటే. ఎలిమెంట్లు 214 కోట్లు దాటితే ఏం చేయాలని డాక్యుమెంటేషన్‌లో రాశారో తెలుసా? ఇంట్‌లో పట్టే గరిష్ఠ విలువే తిరిగి ఇవ్వాలని. అంటే సైజు ఫంక్షన్ తప్పు జవాబు ఇస్తుందని ముందే ఒప్పుకున్నారు. కాంకరెంట్ హ్యాష్ మ్యాప్‌కి తర్వాత లాంగ్ (64 బిట్లు) ఇచ్చే ఇంకో ఫంక్షన్ వేరే పేరుతో పెట్టాల్సి వచ్చింది. ఫైల్‌ని మెమరీలోకి మ్యాప్ చేసే పాత పద్ధతిలో ఒక్కసారికి 2 జీబీకి మించి కుదరదు. లాంగ్ సైజుతో పనిచేసే మెమరీ సెగ్మెంట్లు స్థిరపడింది 2024లో వచ్చిన జావా 22లో.

నా రోజువారీ పని అపాచీ యారోతో, అంటే డేటాని మెమరీలో కాలమ్‌లుగా ఉంచే ఫార్మాట్‌తో. పాతకాపు గారన్న "ఎలిమెంట్ చిన్నదైతేనే బాధ" అన్నది అక్కడ ఇంకో రూపంలో కనబడుతుంది. స్ట్రింగ్ కాలమ్‌లో అన్ని వరుసల అక్షరాలూ ఒకే బఫర్‌లో పక్కపక్కనే పేర్చి, ఏ వరుస ఎక్కడ మొదలవుతుందో ఆఫ్‌సెట్లు విడిగా ఉంచుతారు. మామూలు స్ట్రింగ్ టైప్‌లో ఆఫ్‌సెట్ 32 బిట్లు. వరుసకి 200 బైట్ల టెక్స్ట్ ఉందనుకోండి, కోటి పైచిలుకు వరుసలకే 2 జీబీ అయిపోతుంది. కోటి వరుసలంటే పెద్ద డేటా అని ఎవరూ అనుకోరు! కోడ్ రాసినవాళ్ళకి 200 కోట్ల లెక్క ఎక్కడా కనబడదు, వాళ్ళకి కనబడేది కోటి వరుసలే. అయినా ఎర్రర్ వస్తుంది.

దీనికి యారోలో రెండు దార్లున్నాయి. 64 బిట్ల ఆఫ్‌సెట్లతో లార్జ్ స్ట్రింగ్ అని వేరే టైప్ ఒకటి. కాలమ్‌ని ముక్కల అర్రేగా ఉంచడం రెండోది. రెండూ పనిచేస్తాయి. కానీ రెండు టైప్‌లు ఉన్నాయంటే, వాటితో పనిచేసే ప్రతి ఫంక్షనూ రెండిటికీ రాయాలి, ఒకటి మర్చిపోతే ఆ దారిలో వెళ్ళినవాళ్ళు ఇరుక్కుంటారు. గేమ్‌లూప్ గారు చెప్పినట్టు వేరే టైప్ ఇచ్చేయడం చెప్పినంత తేలిక కాదు.

గేమ్‌లూప్

> చెప్పినంత తేలిక కాదు

ఒప్పుకుంటాను. కానీ సి ప్లస్ ప్లస్‌లో టెంప్లేట్లు (టైప్‌ని తర్వాత నింపేలా ఒకే కోడ్ రాసే పద్ధతి) ఉన్నాయి. సైజు టైప్‌ని పారామీటర్‌గా ఇస్తే ఫంక్షన్లు రెండుసార్లు రాయక్కర్లేదు. మా వాళ్ళు మెమరీ తక్కువున్న కన్సోళ్ళలో మెగాబైట్ల కోసం కొట్టుకుంటుంటే, వాళ్ళెప్పుడూ వాడని నాలుగు బైట్లు ప్రతి అర్రేకీ రెండు చోట్ల మోయమనడం నాకు నచ్చదు.

మెమరీ మీద శ్రద్ధ చాదస్తమేమీ కాదు. వీ8 జావాస్క్రిప్ట్ ఇంజిన్ 2020లో 64 బిట్ల పాయింటర్లని 32 బిట్లకి కుదించింది. హీప్ (ప్రోగ్రామ్ నడుస్తుండగా తీసుకునే మెమరీ) గరిష్ఠం 4 జీబీకి పరిమితమైనా సరే అనుకున్నారు, ఎందుకంటే బ్రౌజర్ ట్యాబ్‌కి ఆ ఆదా ముఖ్యం. జావా వర్చువల్ మెషీన్ కూడా హీప్ సుమారు 32 జీబీ లోపు ఉంటే రిఫరెన్సులని 4 బైట్లలోనే ఉంచుతుంది. ఆ గీత కొంచెం దాటిస్తే రిఫరెన్సులన్నీ 8 బైట్లయిపోయి, పెద్ద హీప్‌లో ముందుకంటే తక్కువ వస్తువులు పట్టే పరిస్థితి కూడా వస్తుంది.

కాపలా

ఇప్పటిదాకా మెమరీ, స్పీడు గురించే మాట్లాడారు. నేను సెక్యూరిటీ చూస్తాను. నాకు భయం వేసేది హద్దు ఎంత అని కాదు, హద్దు దగ్గర ఏం జరుగుతుందని.

క్యూమెయిల్ సంగతి చాలామందికి తెలిసే ఉంటుంది. చాలా జాగ్రత్తగా రాసిన మెయిల్ సర్వర్ అని దానికి పేరు. 2005లో జార్జి గునిన్‌స్కీ అందులో 64 బిట్ల మెషీన్ల మీద బయటపడే ఇంటిజర్ ఓవర్‌ఫ్లోలు (సంఖ్య టైప్ హద్దు దాటి తిరగబడడం) చూపించారు. రచయిత డేనియల్ బెర్న్‌స్టైన్ ఒప్పుకోలేదు. ఆ ప్రాసెస్‌కి ఎవరూ గిగాబైట్ల కొద్దీ మెమరీ ఇవ్వరు కాబట్టి అర్రే పొడవులు 32 బిట్లలో పడతాయని అనుకోవడంలో తప్పు లేదన్నది ఆయన వాదన. 2020లో క్వాలిస్ అనే సెక్యూరిటీ కంపెనీ పరిశోధకులు ఆ లోపాల్లో ఒకదాన్ని నిజంగానే వాడుకుని దాడి చేసి చూపించారు. మెయిల్‌ని లోకల్‌గా చేర్చే ప్రోగ్రామ్‌కి డిఫాల్ట్‌గా మెమరీ లిమిట్ లేకపోవడం వాళ్ళకి దారి ఇచ్చింది. మధ్యలో పదిహేనేళ్ళు గడిచాయి. కోడ్ మారలేదు, చుట్టూ ఉన్న మెషీన్లు పెరిగాయి.

"అంత మెమరీ ఎవరు వాడతారు" అన్న మాట కోడ్‌లో ఎక్కడా రాసి ఉండదు తీగ గారూ. చెక్ రాస్తేనే ఉంటుంది. మీ లైబ్రరీలో కెపాసిటీని రెట్టింపు చేసే లైను ఒకసారి చూడండి. 32 బిట్లలో రెట్టింపు చేస్తున్నారా? కెపాసిటీని ఎలిమెంట్ సైజుతో గుణించేది 64 బిట్లలోకి మార్చాకా, ముందా? రెండు అర్రేలు కలిపేటప్పుడు పొడవుల కూడిక ఎక్కడ జరుగుతోంది? ఆ కూడిక తిరగబడితే చిన్న బఫర్ అలొకేట్ అయి, దాని మీద పెద్ద డేటా రాస్తారు. దాడి చేసేవాడికి అంతకంటే ఏం కావాలి!

హద్దు కంటే చాలా ముందే తేడా కొట్టే లెక్కలూ ఉన్నాయి. బైనరీ సెర్చ్‌లో మధ్య స్థానం కోసం కింది హద్దునీ పై హద్దునీ కలిపి రెండుతో భాగిస్తాం. సైజు 107 కోట్లు దాటగానే ఆ కూడిక 32 బిట్లలో తిరగబడుతుంది. జావా స్టాండర్డ్ లైబ్రరీలోనే ఇది ఉండేదని 2006లో జాషువా బ్లాక్ రాశారు.

రస్ట్‌లో ఒక నియమం నాకు బాగా నచ్చుతుంది. ఏ అలొకేషనూ సైన్డ్ పాయింటర్ వెడల్పు టైప్‌లో పట్టే బైట్ల సంఖ్యని మించకూడదు, మించబోతే వెక్టర్ అక్కడికక్కడే ఆగిపోతుంది. మీరు 32 ఉంచినా 64కి వెళ్ళినా ఇలాంటి ఆపుడు మాత్రం పెట్టండి.

మాతృక

కాపలా గారు చెప్పినదానికి లీనియర్ ఆల్జీబ్రా నుంచి ఒక ఉదాహరణ. మా దగ్గర అందరికీ నోటికొచ్చిన సంఖ్య 46,341. ఒక చదరపు మాట్రిక్స్‌కి వరుసలు 46,340 ఉన్నంతవరకు మొత్తం ఎలిమెంట్లు 32 బిట్ల సైన్డ్‌లో పడతాయి. ఇంకొక్క వరుస, ఒక నిలువు పెరిగితే 2,147,488,281, దాటిపోయింది. వరుసల సంఖ్య చూస్తే చాలా చిన్నది, లబ్ధమే పెద్దది. డబుల్ ప్రెసిషన్‌లో ఆ మాట్రిక్స్ 17 జీబీ. వర్క్‌స్టేషన్ మీద రోజూ ఎవరో ఒకరు చేసే లెక్కే.

అందుకే ఈ లైబ్రరీలు ఇంటిజర్లు 32 బిట్లుగా ఒకసారి, 64 బిట్లుగా ఒకసారి, రెండు రకాలుగా బిల్డ్ చేసి ఇస్తారు. రెండూ ఒకే ప్రోగ్రామ్‌లో పొరపాటున కలిస్తే లింక్ అవుతుంది, రన్ అవుతుంది, జవాబులు తప్పొస్తాయి. కంపైలర్ ఒక్క మాట అనదు. మెషీన్ల మధ్య మెసేజ్‌లు పంపే ప్రమాణమైన ఎంపీఐలో కూడా ఒక మెసేజ్‌లో ఎన్ని ఎలిమెంట్లో చెప్పే పారామీటర్ ఇంటే. 2021లో వచ్చిన 4.0లో పెద్ద కౌంట్లకి ఫంక్షన్లు వేరే పేర్లతో చేర్చారు.

ఇందులో మీకు పనికొచ్చేది జీపీయూ వైపు ఉంది. జీపీయూలో 64 బిట్ల ఇండెక్స్ లెక్కలు నిజంగానే ఖరీదు. పైటార్చ్ అనే మెషీన్ లెర్నింగ్ లైబ్రరీ ఏం చేస్తుందంటే, బయటికి టెన్సర్ (బహుళ దిశల అర్రే) సైజులన్నీ 64 బిట్లు. లోపల కెర్నెల్ (జీపీయూ మీద నడిచే ఫంక్షన్) మొదలుపెట్టే ముందు ఈ టెన్సర్‌కి 32 బిట్ల ఇండెక్స్ సరిపోతుందా అని చూసి, సరిపోతే ఇరుకు కెర్నెల్, లేకపోతే వెడల్పు కెర్నెల్ నడుపుతుంది. బయటి మాట వేరు, లోపలి నిల్వ వేరు. ఈ రెండిటినీ ముడిపెట్టబట్టే ఇక్కడ గొడవ వస్తోందని నాకనిపిస్తోంది.

నేర్చుకుంటున్నా

మామూలు సీపీయూలో కూడా 64 బిట్ల లెక్కలు స్లోనా అన్నా? అన్‌సైన్డ్ పెట్టాలా, సైన్డా?

పాతకాపు

64 బిట్ల సీపీయూలో కూడిక, పోలిక ఏ వెడల్పుకైనా దాదాపు ఒకటే ఖర్చు. భాగహారం మాత్రం పాత ఇంటెల్ ప్రాసెసర్లలో 64 బిట్లకి చాలా స్లో, కొత్తవాటిలో ఆ తేడా బాగా తగ్గింది. హ్యాష్ టేబుల్‌లో బకెట్ కోసం శేషం తీసేవాళ్ళకి అది తెలుస్తుంది.

లూప్ కౌంటర్‌గా 32 బిట్ల అన్‌సైన్డ్ ఒక్కోసారి అన్నిటికంటే చెడ్డది. అది తిరిగి సున్నాకి రావడం భాష ప్రకారం చెల్లుతుంది కాబట్టి, కంపైలర్ దాన్ని స్వేచ్ఛగా 64 బిట్ల పాయింటర్ నడకగా మార్చలేదు. అందువల్ల కొన్ని లూపులు వెక్టరైజ్ కావు, అంటే ఒకేసారి చాలా విలువల మీద పనిచేసే కోడ్‌గా మారవు.

ఇక సైన్డ్ అయితే ఒక బిట్టు పోతుందన్న బెంగ 64 బిట్లలో అక్కర్లేదు. ఎక్స్86-64లో వర్చువల్ అడ్రస్ మామూలుగా 48 బిట్లు, ఐదు అంచెల పేజింగ్‌తో 57. గుర్తుకి ఒక బిట్టు పోగా మిగిలిన 63 బిట్లు నిండే మెషీనే లేదు.

డేటాబావి

తీగ గారూ, టైప్ వెడల్పు చేసినంత మాత్రాన పెద్ద సైజులు సపోర్ట్ చేసినట్టు కాదు. ఇది గట్టిగా చెప్పాలనుకుంటున్నాను.

అర్రే రెట్టింపు అయ్యే పద్ధతి తీసుకోండి. 40 జీబీ నిండింది, ఇంకొక్క ఎలిమెంట్ వచ్చింది. 80 జీబీ కొత్త బఫర్ అడుగుతారు, పాతది కాపీ అయ్యేదాకా వదలరు. ఆ క్షణంలో మీ పేరు మీద 120 జీబీ ఉంటుంది, వాడుతున్నది 40. లైనక్స్‌లో తాకని పేజీలకి అసలు మెమరీ ఇవ్వరు కాబట్టి కొంత నయం, కానీ పాత 40, కాపీ అయిన 40 నిజంగానే ఉంటాయి. అందుకే పెద్ద బఫర్లకి పేజీలని కాపీ చేయకుండా వర్చువల్ అడ్రస్ మాత్రం మార్చే ఎమ్‌రీమ్యాప్ దారి ఉండాలి. లేదా గుణకం తగ్గించాలి. కనీసం ఇంత కావాలని ముందే చెప్పే రిజర్వ్ ఫంక్షన్ గురించి డాక్యుమెంటేషన్‌లో పెద్దగా రాయాలి.

హ్యాష్ టేబుల్ ఇంకా కష్టం. మీ హ్యాష్ ఫంక్షన్ 32 బిట్లే ఇస్తే, బకెట్లు 429 కోట్లు దాటిన తర్వాత మిగతావాటిని ఎవరూ ముట్టుకోరు. సైజు ఫీల్డ్ ఒక్కటే పెంచితే అక్కడ లాభం లేదు.

ఇక అంతా బాగుండి, ఆ పెద్ద అర్రేని డిస్క్ మీద రాయబోతే? లైనక్స్‌లో ఒక రైట్ కాల్ గరిష్ఠంగా 2,147,479,552 బైట్లే రాస్తుంది, 64 బిట్ల మెషీన్ మీద కూడా. ఎర్రర్ ఇవ్వదు, తక్కువ రాశానని మాత్రం చెప్తుంది. తిరిగొచ్చిన సంఖ్య చూడకపోతే ఫైల్ సగంలో ఆగిపోయిందని ఎప్పటికో తెలుస్తుంది.

తీగ

ఇన్ని కోణాలుంటాయని తెలిసింది, అందరికీ చాలా థాంక్స్. కాపలా గారు చెప్పిన మూడు చోట్లూ ఈ రాత్రే చూస్తాను.

ఒకటి అడగాలి. ఇదంతా టెస్ట్ చేసేదెలా? ఉచితంగా దొరికే టెస్ట్ మెషీన్లలో 200 కోట్ల ఎలిమెంట్లు పెట్టలేను. టెస్ట్ చేయని సపోర్ట్ ఉన్నా లేనట్టే కదా.

కాపలా

గేమ్‌లూప్ గారు చెప్పిన టెంప్లేట్ పారామీటరే దీనికి మందు. సైజు టైప్ పారామీటర్ అయ్యాక, టెస్టులన్నీ 8 బిట్ల సైన్డ్ టైప్‌తో కూడా నడపండి. హద్దు 127 ఎలిమెంట్లు! రెట్టింపు, చొప్పించడం, కలపడం, అన్నీ హద్దు దగ్గర ఏం చేస్తాయో మిల్లీసెకన్లలో తెలిసిపోతుంది. అసలు 64 బిట్ల దారి కోసం, మెమరీ కేటాయించకుండా అడ్రస్ స్థలం మాత్రం రిజర్వ్ చేసే అలొకేటర్ ఒకటి రాసి, చివరి కొన్ని పేజీలే తాకే టెస్ట్ పెట్టండి. 16 జీబీ అర్రే చివర రాసినా నిజంగా వాడేది కొన్ని కిలోబైట్లే.

మాతృక

8 బిట్ల సలహా చాలా బాగుంది. ఒక జాగ్రత్త: 8 బిట్ల టైప్‌లు కూడికలో తమంతట తామే ఇంట్‌కి పెరిగిపోతాయి. అందుకని 32 బిట్లలో తిరగబడే కొన్ని లెక్కలు 8 బిట్లలో తిరగబడవు, టెస్ట్ పాసైపోతుంది. 32 బిట్లతో రిజర్వ్ అలొకేటర్ టెస్ట్ కూడా ఉంచండి.

పాతకాపు

హెడర్ విషయంలో ఒక మాట మిగిలింది. 16 కావాలా 24 కావాలా అని తప్ప వేరే దారి లేనట్టు మొదలుపెట్టారు తీగ గారు. క్యూట్ 5లో వెక్టర్ హెడర్ 8 బైట్లే. ఒక్క పాయింటర్. సైజు, కెపాసిటీ హీప్‌లో డేటా ముందు ఉండేవి. ఖాళీ అర్రేలన్నీ ఒకే ఉమ్మడి ఖాళీ బ్లాక్‌ని చూపిస్తాయి. మీ వాళ్ళ అర్రేలు చాలావరకు ఖాళీ అన్నారు కదా, అలాంటప్పుడు 64 బిట్ల సైజు పెట్టి కూడా ఇప్పటికంటే సగం మెమరీతో సరిపెట్టవచ్చు.

గేమ్‌లూప్

కానీ సైజు అడిగిన ప్రతిసారీ పాయింటర్ వెంట వెళ్ళి ఇంకో క్యాష్ లైన్ తేవాలి. క్యూట్ 6లో అదంతా మార్చి హెడర్‌ని 24 చేసుకున్నారు. మా నడకకి ఇది పనికిరాదు.

పాతకాపు

మీ నడకకి పనికిరాదు, నిజమే. ఖాళీగా పడి ఉండే అర్రేలకి పనికొస్తుంది. రెండూ కొలిచి చూడాల్సిందే.

తీగ

నా నిర్ణయం రాస్తున్నాను, అభ్యంతరాలుంటే చెప్పండి. సైజు ఫంక్షన్ ఎప్పుడూ 64 బిట్ల సైన్డ్ ఇస్తుంది, లోపల నిల్వ ఎలా ఉన్నా సరే. లోపలి నిల్వ టెంప్లేట్ పారామీటర్. ఇరుకు నిల్వ ఉన్న అర్రేకి వేరే పేరు ఉంటుంది, హద్దు దాటబోతే వెంటనే ఆగుతుంది. ఫైల్లో రాసే పొడవు ఇకనుంచి 8 బైట్లు, ఫార్మాట్ వెర్షన్ కూడా పెంచుతాను. మామూలు పేరుతో ఉన్న అర్రే 64 బిట్ల నిల్వతో.

గేమ్‌లూప్

చివరిదానికి నా అభ్యంతరం. డిఫాల్ట్ ఇరుకుగా ఉండాలి. వెడల్పు కావాల్సినవాళ్ళు తక్కువమంది.

జన్యుమాల

తక్కువమందే. కానీ ఆ తక్కువమందికి తమకి అది కావాలని ముందే తెలియదు గేమ్‌లూప్ గారూ. డేటాబావి గారి కోటి వరుసలు చూడండి. కోడ్ రాసిన రోజు డేటా చిన్నది, టెస్టులన్నీ పాస్. ఎప్పుడో వేరే ఎవరో పెద్ద ఇన్‌పుట్ ఇచ్చిన రోజు, రాత్రంతా నడిచిన జాబ్ చివర్లో ఆగిపోతుంది. అప్పటికి ఆ టైప్ ఎంచుకున్న మనిషి అక్కడ ఉండకపోవచ్చు. మీ సంగతి అలా కాదు. లక్షల చిన్న అర్రేలు ఉన్నాయని మీకు మొదటి రోజే తెలుసు, ప్రొఫైలర్‌లో కనబడుతుంది, టైప్ పేరు మార్చుకుంటే మెమరీ తగ్గుతుంది. ముందే చూసుకోగలిగినవాళ్ళు పేరు మార్చుకోవాలి. చూసుకోలేనివాళ్ళకి డిఫాల్ట్ అండగా ఉండాలి.

గేమ్‌లూప్

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. మా కోడ్‌బేస్‌లో ఒక మారుపేరు పెట్టుకుంటే పని అయిపోతుంది, సరే. అయితే ఒక కోరిక. ఇరుకు అర్రేని వెడల్పు అర్రే తీసుకునే ఫంక్షన్‌కి ఇచ్చేటప్పుడు డేటా కాపీ కాకూడదు. బఫర్ అదే, హెడర్ ఒక్కటే మారాలి.

తీగ

ఇరుకు నుంచి వెడల్పుకి మూవ్ అలాగే చేస్తాను, అది ఎప్పుడూ ఫెయిల్ కాదు కాబట్టి దానంతట అదే జరగొచ్చు. వెడల్పు నుంచి ఇరుకుకి మాత్రం పేరున్న ఫంక్షన్ పిలవాల్సిందే, పట్టకపోతే అది ఎర్రర్ ఇస్తుంది, పాత అర్రే చెక్కుచెదరదు. చదవడానికి మాత్రమే తీసుకునే ఫంక్షన్లకి పాయింటర్, 64 బిట్ల పొడవు ఉన్న వ్యూ టైప్ ఒకటి చేరుస్తాను, రెండు రకాల అర్రేలూ దానిలోకి నేరుగా మారతాయి. బ్రాంచ్ పెట్టగానే లింక్ ఇక్కడే వేస్తాను. కాపలా గారూ, చొప్పించే ఫంక్షన్ మీరే రివ్యూ చేస్తే బాగుంటుంది.

కాపలా

తప్పకుండా. 8 బిట్ల టెస్టులు కూడా అదే ప్యాచ్‌లో ఉండేలా చూడండి, రివ్యూ వాటి నుంచే మొదలుపెడతాను.